ఊపిరి బిగపట్టేంత సేపు

మొన్న వేసవిలో మా మేనమామను గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. నెల రోజులుగా కడుపునొప్పి. మందులకు లొంగకపోయేసరికి డాక్టరుగారు సిటీ స్కాన్ రాశారు. మెళ్లో గొలుసు, మొలతాడుకున్న తాళంచెవి తీయించి, బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ తల పైకి పెట్టించి, అక్కడి టెక్నీషియన్ కుర్రాడు "బాబాయ్, లోపల ఒక గొంతు వినిపిస్తుంది. పీల్చమంటే పీల్చి బిగపట్టండి, వదలమంటే వదలండి. కదలొద్దు, అంతే" అని చెప్పి తలుపు మూసి ఇవతలికి వచ్చేశాడు. ఆ రికార్డు గొంతు బయట నిలబడ్డ నాకూ లీలగా వినపడింది. కాసేపటికే మామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, "ఏరా, ఇంకా మొదలెట్టలేదనుకుంటుంటే లేవమన్నాడు!" అన్నాడు.

ఆ యంత్రం మీద సీమెన్స్ అని రాసి ఉంది. పక్క వీధిలో ఇంకో సెంటర్‌కు వెళ్తే జీఈ ఉంటుంది, మరొకచోట ఫిలిప్స్. ఈ యంత్రాన్ని లోకంలో మొట్టమొదట తయారుచేసి, మొట్టమొదట అమ్మిన కంపెనీ పేరు మాత్రం ఏ ఊళ్లోనూ ఏ యంత్రం మీదా కనపడదు. ఆ కంపెనీ ఈఎంఐ. మనకిప్పుడు ఆ మూడక్షరాలంటే బ్యాంకుకు కట్టే నెల వాయిదానే గుర్తొస్తుంది కానీ, అది ఎలక్ట్రిక్ అండ్ మ్యూజికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ సంస్థ. 1931లో రెండు గ్రామఫోన్ కంపెనీలు కలిసి పుట్టింది. ఘంటసాల భగవద్గీత రికార్డు మీద గొట్టం ముందు చెవులు రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ చూసినవాళ్లందరికీ దాంతో పరిచయం ఉన్నట్టే. ఆ హెచ్‌ఎంవీ ముద్ర అప్పట్లో ఈఎంఐదే.

పాటల కంపెనీ తలలోపలి మెదడును చూసే యంత్రాన్ని ఎలా చేసింది, చేసి ఎలా పోగొట్టుకుంది అన్న కథ నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. వ్యాపారం పెట్టే కుర్రాళ్లు ఎవరితో మాట్లాడినా "మనమే ఫస్ట్ అండీ, ఇంకెవరూ రాలేదు" అని కళ్లు మెరుస్తూ చెబుతారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఈ కథ వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1919లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో కడగొట్టువాడు. తండ్రికి పొలం ఉంది, ఆ పొలంలోని యంత్రాలే వాడి ఆటబొమ్మలు. సొంతంగా చేసుకున్న గ్లైడర్‌తో గడ్డివాముల మీదనుంచి దూకేవాడు. తారు పీపాల్లో నీళ్లు నింపి, ఎసిటిలీన్ వాయువుతో వాటిని ఎంత ఎత్తుకు ఎగరేయొచ్చో చూడబోయి ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి రాడార్ పాఠాలు చెప్పాడు. విశ్వవిద్యాలయం పట్టా లేదు, లండన్‌లోని ఫారడే హౌస్ అనే ఇంజనీరింగ్ కళాశాల డిప్లొమా ఒక్కటే. 1951లో ఈఎంఐలో చేరాడు. బ్రిటన్‌లో ట్రాన్సిస్టర్లతో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన ఎమిడెక్ 1100ను రూపొందించిన బృందానికి ఆయనే నాయకుడు. 1962 వచ్చేసరికి ఈఎంఐ ఆ కంప్యూటర్ల వ్యాపారాన్నే అమ్మేసింది. తరువాత ఆయన చేపట్టిన మెమరీ పథకమూ ఆగిపోయింది. కొత్తగా ఏం చేయొచ్చో ఆలోచించుకోమని కంపెనీ ఆయనకు తీరిక ఇచ్చింది. ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెట్టారని ఎవరైనా అనుకునే ఆ రోజుల్లోనే, 1967లో, ఆ ఆలోచన పుట్టింది.

మూతవేసిన పెట్టె ఉందనుకోండి. తెరవకుండా లోపల ఏముందో తెలియాలి. ఒకవైపు నుంచి కిరణం పంపి, అవతలికి ఎంత వచ్చిందో కొలిస్తే, దారిలో మొత్తం ఎంత అడ్డుపడిందో మాత్రమే తెలుస్తుంది. అదే కొలతను అన్ని కోణాల నుంచీ, వేల సార్లు తీసుకుంటే? ఆ అంకెలన్నింటినీ కంప్యూటర్‌కు ఇచ్చి లెక్క కట్టిస్తే, పెట్టెలో ఏ చుక్క దగ్గర ఎంత దట్టంగా ఉందో బయటపడుతుంది. దోసకాయను చక్రాల్లా తరిగి ఒక్కో చక్రాన్నీ ఎత్తి చూసినట్టు, కోయకుండానే చూడొచ్చు.

అప్పటిదాకా ఎక్స్‌రే అంటే నీడ. ఎముకా మాంసమూ అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకే ఫిల్మ్ మీద కలిసిపోతాయి. అందులో మెదడు మరీ కష్టం, చుట్టూ పుర్రె ఉంటుంది కాబట్టి. మెదడులో గడ్డ ఉందేమో చూడాలంటే వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని కొంత తీసి, దాని స్థానంలో గాలి ఎక్కించి, ఆ గాలి మూలమూలకూ పాకేలా రోగిని కుర్చీలో కట్టి అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసేవారు. ఆ తరువాత రోజుల తరబడి తల పగిలిపోయేంత నొప్పి. హౌన్స్‌ఫీల్డ్ పని ఎవరిని కాపాడిందో తెలియాలంటే ఆ కుర్చీని ఒకసారి ఊహించుకోవాలి.

ప్రయోగం మొదలైంది పాత లేత్ యంత్రపు బల్ల మీద. కిరణాల కోసం ఒక రేడియోధార్మిక మూలకం పెట్టుకున్నారు. ఒక్క చిత్రానికి 28,000 కొలతలు, అవి తీయడానికి 9 రోజులు, లెక్క కట్టడానికి పెద్ద కంప్యూటర్‌కు రెండున్నర గంటలు. ఆ మూలకం బదులు ఎక్స్‌రే ట్యూబు పెట్టాక 9 రోజులు 9 గంటలయ్యాయి. కబేళా నుంచి ఎద్దు మెదళ్లు తెచ్చి స్కాన్ చేశారు. ఈ పరిశోధనకు డబ్బంతా బీటిల్స్ పాటల రికార్డుల మీదే వచ్చిందని ఒక కథ తరచూ వినపడుతుంది. బీటిల్స్ రికార్డులు ఈఎంఐవే కాబట్టి వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నిజానికి ఇందులో ఎక్కువ భారం మోసింది బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ. కంపెనీ పెట్టింది దాంట్లో చిన్న భాగమే. ప్రజల సొమ్ముతో పుట్టిన యంత్రమిది. ఆ మాట మరుగున పడటం నాకు బాధగా ఉంటుంది.

లండన్ పక్కన వింబుల్డన్‌లో అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రి. అక్కడి రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ ఈ పనిని నమ్మి తోడు నిలిచాడు. 1971 అక్టోబరు 1న మెదడులో గడ్డ ఉందన్న అనుమానంతో వచ్చిన ఒక మహిళకు మొదటి స్కాన్ తీశారు. ఒక్కో పొరకు నాలుగైదు నిమిషాలు. తల చుట్టూ నీటితొట్టి, తల కదలకుండా బిగింపు. కొలతల టేపును ఆసుపత్రి నుంచి ఈఎంఐకి పంపితే అక్కడి కంప్యూటర్ చిత్రం గీసింది. అడ్డంగా 80, నిలువుగా 80 చుక్కల ముతక బొమ్మ. అందులో గడ్డ స్పష్టంగా కనపడింది.

1972 ఏప్రిల్‌లో లండన్‌లో వైద్యుల సమావేశంలో సంగతి బయటపెట్టారు. అదే ఏడాది చివర షికాగోలో అమెరికా రేడియాలజిస్టులు చూశారు. 1973లో మేయో క్లినిక్‌లో అమెరికాలోని తొలి యంత్రం దిగింది. ధర లక్షల డాలర్లలో ఉన్నా పెద్ద ఆసుపత్రులు వరసకట్టాయి. ఆర్డర్లు తయారీని దాటిపోయాయి. నాలుగేళ్లు ఈఎంఐకి తిరుగులేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, అసలు మొదట ఎవరు అని అడగాలి. అమెరికాలో స్థిరపడిన దక్షిణాఫ్రికా భౌతికశాస్త్రవేత్త అలన్ కార్మాక్ 1963, 1964లలోనే ఈ లెక్కను ప్రచురించాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. లాస్ ఏంజెలెస్ నరాల వైద్యుడు విలియం ఓల్డెన్‌డార్ఫ్ 1961లోనే బల్ల మీద ఒక చిన్న నమూనా చేసి చూపించి, తరువాత పేటెంటు తెచ్చుకున్నాడు. అతను ఒక పెద్ద ఎక్స్‌రే కంపెనీని సంప్రదిస్తే, తల అడ్డకోత చిత్రం తీయడం తప్ప ఇంకేమీ చేయని ఇంత ఖరీదైన పరికరాన్ని కొనేవాళ్లుండరని జవాబొచ్చింది. 1971లో మన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి, కోణాల కొలతల నుంచి చిత్రాన్ని వేగంగా తిరిగి కట్టే పద్ధతిని ప్రచురించారు. రామచంద్రన్ అప్పటికే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చేరిన మహా శాస్త్రవేత్త. హౌన్స్‌ఫీల్డ్ తొలి యంత్రంలోని లెక్క వేరు. తరువాతి తరాల స్కానర్లలో పాతుకుపోయింది ఈ పద్ధతి. ఇప్పటికీ ఇంజనీర్లు దాన్ని రామ్-లాక్ ఫిల్టర్ అనే పిలుస్తారు. ఆలోచన చాలామందికి వచ్చింది, లెక్క అందరికీ అచ్చులో దొరికింది. ఈఎంఐ మొదటిదయింది యంత్రాన్ని అమ్మడంలో. ఈ తేడా మనసులో పెట్టుకుంటేనే తరువాత జరిగింది అర్థమవుతుంది. పెట్టెలో పెట్టి తాళం వేసుకోదగ్గ రహస్యం ఆ కంపెనీ దగ్గర పెద్దగా లేదు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ కొమ్ములు ఎందుకు వాడి అన్నది సామెత చెప్పదు. ఈఎంఐ కథలో అది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది.

ఈఎంఐ యంత్రం తల కోసం పుట్టింది. తలను పట్టీలతో బిగిస్తే నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉంటుంది. కడుపు, ఛాతీ అలా కాదు. ఊపిరి ఆడుతున్నంతసేపూ లోపల అన్నీ పైకీ కిందికీ కదులుతూనే ఉంటాయి, చిత్రం అలుక్కుపోతుంది. 1974లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెడ్లీ, దంతవైద్యం చదివినవాడు, ఒళ్లంతా పట్టే స్కానర్ చేశాడు. దాని హక్కులు ఫైజర్ కొనుక్కుంది. క్లీవ్‌లాండ్ వైపు టెక్నికేర్, జర్మనీలో సీమెన్స్ రంగంలోకి దిగాయి. ఇక పోటీ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: మనిషి ఊపిరి బిగపట్టగలిగినంత సేపట్లో పొర స్కాన్ అయిపోతుందా? ఈఎంఐ ఒళ్లంతటికీ చేసిన యంత్రం నిమిషాల నుంచి 20 సెకన్లకు దిగింది. జబ్బుపడ్డ మనిషికి అదీ ఎక్కువే.

జీఈ ఆలస్యంగా వచ్చింది. ఆలస్యంగా వచ్చిందనే మొదటి యంత్రాన్ని అనుకరించాల్సిన అవసరం దానికి లేకపోయింది. సన్నటి కిరణాన్ని ఒకవైపు నుంచి మరోవైపుకు జరుపుతూ, ఒక డిగ్రీ తిప్పి మళ్లీ జరుపుతూ కొలిచే ఈఎంఐ పద్ధతిని పక్కన పెట్టి, విసనకర్రలా పరుచుకునే వెడల్పాటి కిరణాన్ని, దాని ఎదురుగా వంపు తిరిగిన డిటెక్టర్ల వరసను కలిపి మనిషి చుట్టూ ఒకేసారి తిప్పేసింది. 1976 నాటికి ఐదు సెకన్లలో ఒక పొర. గుంటూరులో మామయ్యను బిగపట్టిన ఊపిరి వదలమన్న ఆ యంత్రానికి పూర్వరూపం ఇదే. ఈఎంఐకి ఉన్న మొదటితనమే ఇక్కడ దాని కాళ్లకు అడ్డుపడిందని నా నమ్మకం. ఫ్యాక్టరీ, విడిభాగాలు, ఇంజనీర్ల చేతి అలవాటు అన్నీ మొదటి పద్ధతి చుట్టూ అల్లుకుపోయాయి. అప్పటికే ఆర్డర్లు నిండి ఉన్న కంపెనీకి, నిన్న గెలిచిన దారిని ఈరోజు వదిలేయడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఏదైనా దుకాణం నడిపినవాణ్ణి అడిగితే చాలు.

వేగం ఒక్కటే అయితే ఈఎంఐ తేరుకునేదేమో. అసలు దెబ్బ మరోచోట తగిలింది. ఆ రోజు కొత్తపేటలో ఫిల్ములు వచ్చేలోగా ఆ కుర్రాడితో మాట కలిపాను. ఇంత ఖరీదైన మిషన్ కొనేటప్పుడు మీ ఓనరుగారు ఏం చూసుకుంటారు అని అడిగాను. "ఫీచర్లు అన్నిటికీ దాదాపు అవే సార్. ట్యూబ్ పోతే ఇంజనీరు ఎంతసేపట్లో వస్తాడు, స్పేర్ ఎక్కడుంది, అదే చూస్తారు. మిషన్ ఒక పూట ఆగితే పేషెంట్లు పక్క సెంటర్‌కు పోతారు" అన్నాడు.

ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పింది ఈఎంఐకి అమెరికాలో ఎదురైంది. పాటలు, రాడార్లు, టెలివిజన్ పరికరాలు తెలిసిన కంపెనీకి ఆసుపత్రి అంటే ఏమిటో తెలియదు. అట్లాంటిక్ అవతల ఊరూరా మరమ్మతు మనుషులు లేరు, డాక్టర్లకు నేర్పించేవాళ్లు తగినంతమంది లేరు, ఎక్స్‌రే విభాగాల తలుపులు తట్టే అలవాటున్న అమ్మకందార్లు లేరు. జీఈకి ఇవన్నీ దశాబ్దాల నాటివి. పాత ఎక్స్‌రే యంత్రం బాగుచేసిన చేయే కొత్త స్కానర్ తెచ్చి నిలబెడితే ఆసుపత్రి ఎవరిని నమ్ముతుంది? ఆర్థికవేత్త డేవిడ్ టీస్ 1986లో రాసిన, తరువాత ఎంతో పేరుపడ్డ వ్యాసంలో ఈ కథనే ఉదాహరణగా చూపి, కొత్తదాన్ని కనిపెట్టినవాడికి దాని చుట్టూ కావలసిన ఈ తోడు వనరులు లేకపోతే ఫలం వాటిని పెట్టుకున్నవాడికి దక్కుతుందని వాదించాడు. సీమెన్స్ లాంటి అనుభవమున్న సంస్థతో చేతులు కలిపి ఉండాల్సిందని కూడా ఆయన సూచించాడు. నాకు అది సబబుగానే తోస్తుంది. అయితే ఆర్డర్లు ఇంటిముందు వరసకట్టిన రోజున ఆదాయంలో సగం పంచుకోమంటే ఒప్పుకునే యజమాని ఎంతమంది ఉంటారు?

పేటెంట్లు ఉన్నాయి కదా అనొచ్చు. ఈఎంఐ ప్రత్యర్థుల మీద కోర్టుకు వెళ్లింది, కొందరి దగ్గర రాబట్టుకుంది కూడా. కానీ కోర్టు నడిచే వేగం వేరు, మార్కెట్ కదిలే వేగం వేరు. వ్యాజ్యాలు తేలేలోగా ఆసుపత్రుల గదుల్లో ఎవరి యంత్రాలు దిగాలో వాళ్లవి దిగిపోయాయి.

అప్పుడే అమెరికా ప్రభుత్వానికి వైద్యం ఖర్చు భయం పట్టుకుంది. ఖరీదైన యంత్రం కొనాలంటే ఆసుపత్రి ముందుగా అవసరాన్ని నిరూపించి అనుమతి పత్రం తెచ్చుకోవాలన్న నిబంధన బిగిసింది. సిటీ స్కానర్ ఆ దుబారాకు గుర్తుగా మారింది. 1977 తరువాత ఆర్డర్లు కుప్పకూలాయి. జీఈ, సీమెన్స్‌లకు ఇంకా వంద సరుకులున్నాయి, ఓర్చుకున్నాయి. ఈఎంఐ వైద్య విభాగానికి ఉన్నది ఇదొక్కటే.

1979 అక్టోబరులో హౌన్స్‌ఫీల్డ్‌కు, కార్మాక్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఈఎంఐ నష్టాల్లో మునిగి, ఆ ఏడాది చివరికి థార్న్ అనే సంస్థ చేతికి వెళ్లింది. కొత్త యజమాని 1980లో స్కానర్ల వ్యాపారం వదిలించుకోవడం మొదలుపెట్టాడు. అందులో భాగాలు కొనుక్కున్నవాళ్లలో జీఈ ఉంది. తొలి అమ్మకం నుంచి లెక్కపెడితే ఎనిమిదేళ్లలో అంతా ముగిసింది. మధ్యలో గట్టిపోటీ ఇచ్చిన టెక్నికేర్ కూడా నిలవలేదు. జాన్సన్ అండ్ జాన్సన్ కొనుక్కున్నా, 1986లో దాని ఆస్తులు జీఈకే చేరాయి.

ఒక్క కథతో తీర్పు చెప్పకూడదు నిజమే. 1993లో పీటర్ గోల్డర్, జెరార్డ్ టెలిస్ అనే ఇద్దరు పరిశోధకులు 50 రకాల సరుకుల్లో సుమారు 500 బ్రాండ్ల చరిత్రను పాత పత్రికలు, రికార్డులు తిరగేసి వెతికారు. మొదట మార్కెట్లోకి వచ్చినవాటిలో 47 శాతం విఫలమయ్యాయి, మొదటివాటి సగటు వాటా 10 శాతం దగ్గరే ఉంది. అంతకుముందు జరిగిన అధ్యయనాలు మొదట వచ్చినవాళ్లకు ఎంతో లాభమని చెప్పడానికి కారణమూ వాళ్లకు దొరికింది. ఆ అధ్యయనాలు బతికున్న కంపెనీలనే అడిగాయి. పోయినవాళ్లు జవాబు చెప్పరు. బతికి పెద్దయినవాళ్లు తామే మొదటివాళ్లమని నిజంగానే నమ్ముతారు. నలభై ఏళ్ల తరువాత జీఈ యంత్రం ముందు నిలబడి దీన్ని కనిపెట్టింది ఎవరని అడిగితే వచ్చే జవాబు ఊహించుకోవచ్చు.

అయినా ఈఎంఐకి ఏమీ దక్కలేదనడం అన్యాయం. నాలుగేళ్ల లాభాలు దక్కాయి. మొదటివాడికి దొరికేది అదే, కొంత కాలం. ఆ కాలంలో ఇంజనీర్లను తయారుచేసుకున్నావా, ఊరూరా మనిషిని పెట్టుకున్నావా, రెండో యంత్రం గీసుకున్నావా అన్నదే లెక్క. వెనకొచ్చేవాడి కళ్లెదుట నీ తప్పులన్నీ బోర్డు మీద రాసి ఉంటాయి. అవి చదువుకునే అవకాశం నీకు లేదు.

హౌన్స్‌ఫీల్డ్ మాత్రం ప్రయోగశాలను వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు, ఆడంబరం ఎరగడు. 2004లో పోయాడు. స్కానర్ చూపించే సాంద్రతకు కొలమానంగా ఆయన పేరే పెట్టారు: హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, పొట్టిగా హెచ్‌యూ. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, కొవ్వు సున్నాకు దిగువన, ఎముక పైన వందల్లో. 2021లో కరోనా రెండో అలప్పుడు మన ఊళ్లలో ప్రతి ఇంట్లో "సిటీ స్కోరెంత?" అని అడుగుతుంటే, ఊపిరితిత్తుల్లో గాలి ఉండాల్సిన చోట ఏం పేరుకుందో ఆ తెలుపు నలుపుల్లో డాక్టర్లకు చూపించినవి ఈ అంకెలే.

సాయంత్రం రిపోర్టు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి చూశారు. కడుపులో పుండు గురించి చెప్పి, ఎండోస్కోపీ చేయించమన్నారు. తరువాత రిపోర్టులో కుడి మూత్రపిండం గురించి రాసిన వరస మీద పెన్ను ఆనించారు. అక్కడ "సిస్ట్" అన్న మాట చూసినప్పటి నుంచీ మామయ్య నోట మాట లేదు. "ఇదిగో, 8 హెచ్‌యూ అని రాశారు చూడండి. అంటే నీళ్లకు దగ్గర. ఉత్త నీటి తిత్తి. ఈ వయసులో చాలామందికి ఉంటుంది, దీని గురించి ఆలోచించకండి" అన్నారు.

మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ వరసను తానే ఒకసారి చదువుకున్నాడు. "8 అంటే నీళ్లేనా డాక్టరుగారూ?" అని మళ్లీ అడిగాడు. నీళ్లేనన్నారు. రిపోర్టు మడిచి కవరులో పెట్టుకున్నాడు.